పుప్పొడి సాక్ష్యం

డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పడం మొదలుపెట్టిన తొలి పదేళ్లూ నేను ఏటా ఒక పాఠాన్ని ఒకే విధంగా చెప్పాను. ఆ పాఠం తప్పు. తప్పని తెలిసి చెప్పలేదు, పాఠ్యగ్రంథంలో ఉన్నదే చెప్పాను. అంతమాత్రాన నా బాధ్యత తీరిపోతుందని నేననుకోను. శాస్త్రీయ దృక్పథం గురించి సాయంకాలం సభల్లో గంటలకొద్దీ ఉపన్యసించేవాణ్ణి. ఉదయం తరగతిలో చెప్పేదాన్ని ఒక్కసారైనా ఆ దృక్పథంతో పరిశీలించి ఉండవలసింది.

ఆ పాఠం నీలగిరి కొండలను గురించి. సముద్రమట్టానికి ఆరువేల అడుగులు దాటిన ఆ పైభూముల్లో రెండు రకాల వృక్షసంపద పక్కపక్కనే కనిపిస్తుంది. కొండల వీపులమీద గడ్డి. లోయల మడతల్లో, నీరు దిగే చోట, పొట్టిగా గుబురుగా పెరిగే అడవి. ఆ అడవికే షోలా అని పేరు. రెండింటి నడుమా సరిహద్దు గట్టు వేసినంత స్పష్టంగా ఉంటుంది. ఊటీలో తీసిన సినిమా పాటలు చూసినవాళ్లకు ఈ దృశ్యం పరిచయమే. ఇది ఎలా ఏర్పడిందన్నది పది మార్కుల ప్రశ్న. నేను చెప్పిన జవాబు: పూర్వం అంతా అడవే; తోడాలు తమ గేదెల మేతకోసం ఏటా గడ్డి తగలబెడుతూ వచ్చారు; అడవి లోయల్లోకి కుంచించుకుపోయింది; కనుక ఆ గడ్డినేల క్షీణించిన అడవి తప్ప మరేమీ కాదు.

ఆ రోజుల్లోనే, ఇదే నోటితో, విద్యార్థి సభల్లో మన్యం తిరుగుబాటును గురించి మాట్లాడేవాణ్ణి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద ఎలాంటి ఆంక్షలకు దారితీసిందో, ఆ కడుపుమంట 1922-24లో అల్లూరి సీతారామరాజు వెనుక ఎలా నిలిచిందో ఆవేశంగా వివరించేవాణ్ణి. కొండవాడు అడవిని పాడుచేస్తాడన్న మాట ఆ ఆంక్షలకు పునాది. ఆ పునాదిని రంపలో తవ్వి పారేసి, ఊటీలో నేనే పోస్తున్నానన్న సంగతి నాకు తోచలేదు. చరిత్ర ఒక గదిలోనూ వృక్షశాస్త్రం ఇంకో గదిలోనూ ఉండేవి. మధ్య తలుపు నేనే వేసుకున్నాను.

నిజానికి ఆ వాదం మొదటినుంచీ వివాదంలో ఉన్నదే. 1938లోనే ఇద్దరు అటవీ అధికారులు ఒకే పత్రికలో, ‘ఇండియన్ ఫారెస్టర్’లో, దీని మీద ఎదురెదురుగా వ్యాసాలు రాశారు. సి. ఆర్. రంగనాథన్ మంచును కారణంగా చూపాడు. ఆ ఎత్తున చలికాలపు రాత్రుల్లో పడే మంచు ఆరుబయట మొలిచిన షోలా మొక్కలను చంపేస్తుంది, లోయల చాటున ఉన్నవే బతుకుతాయి, కాబట్టి గడ్డికీ అడవికీ రెండింటికీ అక్కడ సహజ స్థానం ఉంది అన్నాడు. ఎన్. ఎల్. బోర్ ఒప్పుకోలేదు. మంట, మేత లేకపోతే అంతా అడవే అన్నాడు. విచిత్రమేమంటే బోర్ గడ్డిజాతుల మీద మహాపండితుడు. భారత, బర్మా, సింహళ దేశాల గడ్డి మొక్కల మీద 1960లో ఆయన వెలువరించిన గ్రంథాన్ని ఇప్పటికీ తిరగేస్తాం. గడ్డిని అంతగా ఎరిగినవాడే దాన్ని ఆక్రమణదారుగా చూశాడు. మా పాఠ్యగ్రంథం ఈ రెండో పక్షాన్నే నిలుపుకుని మొదటిదాన్ని ప్రస్తావించకుండా వదిలేసింది.

ఎవరిది నిజం? నేటి కొండను ఎంతసేపు చూసినా తేలదు. నిన్నటి కొండను చూడాలి.

అందుకు సాధనమే పుప్పొడి. పదకొండో ఏట అధ్యాపకుల శిక్షణ ఒకదానికి వెళ్లినప్పుడు ఈ పని చేతులతో చేసే అవకాశం దొరికింది. నీలగిరి లోయల అడుగున చిత్తడినేలలున్నాయి. చచ్చిన మొక్కలు ఆ నీటిలో పూర్తిగా కుళ్లక, పొరమీద పొరగా వేల ఏళ్లు పేరుకుంటాయి. ఆ పదార్థాన్ని పీట్ అంటారు. పాత పొర అడుగున, కొత్త పొర పైన. దాన్ని చెదరకుండా పైకి తీయడానికి అర్ధచంద్రాకారపు గొట్టం వంటి పనిముట్టు దింపారు. సోవియట్ దేశంలో బురదనేలల పరిశోధనకు రూపొందిన పరికరమది. ప్రపంచమంతటా ‘రష్యన్ కోరర్’ అనే పిలుస్తారు. (ఈ సంగతి ఊరికి వచ్చి చెబితే మా మిత్రులు అవసరానికి మించి సంతోషించారు.) పైకి వచ్చిన పీట్ తాటిబెల్లం అచ్చులా నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. అందులో పుప్పొడి ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

పుప్పొడి రేణువు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతో నలభయ్యో వంతో ఉంటుంది. లోపలి జీవపదార్థం త్వరలోనే నశిస్తుంది. పైపెంకు మాత్రం స్పోరోపోలెనిన్ అనే పదార్థంతో చేసింది. ప్రాణులు తయారుచేసిన పదార్థాల్లో ఇంత మొండిది మరొకటి అరుదు. ఫెర్న్‌ల, నాచుల సిద్ధబీజాల పెంకు గూడా ఇలాంటిదే. నలభై కోట్ల ఏళ్లు దాటిన రాళ్లలో గూడా సిద్ధబీజాలు దొరికాయి. అయితే గాలి తగలని తడిలోనే అవి బాగా నిలుస్తాయి. తడిసి ఆరుతూ ఉండే చేలల్లో పెంకు గూడా చివికిపోతుంది. అందుచేత మనిషి ఎక్కువగా బతికిన చోట కంటే నీళ్లు నిలిచిన చోటే ఈ సాక్షి మాట్లాడుతుంది.

ప్రయోగశాలలో పీట్‌ను ముందు క్షారంలో ఉడికించాం. ఇసుక కరగడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, మిగిలిన చెత్త కరగడానికి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, గంధకామ్లం కలిపిన ద్రావకం. ఎముకనైనా తినేసే ఈ ద్రవాలన్నింటిలోనూ మునిగి తేలి, గాజుపలక మీద గ్లిసరిన్ చుక్కలో నిలిచింది పుప్పొడి ఒక్కటే. మైక్రోస్కోపు కింద గడ్డి పుప్పొడి నునుపైన గుండ్రటి బంతి. దానికి ఒకటే రంధ్రం, రంధ్రం చుట్టూ అంచు. నేరేడు జాతిది త్రికోణం. దేవదారు, పైన్ వాటికి రెండు గాలితిత్తులు. ఒక్కొక్క పొరలో మూడువందల దాకా లెక్కపెట్టమన్నారు. మొదటిరోజు సాయంత్రానికి నా కళ్ల ముందు బంతులే బంతులు.

ఇలా లెక్కపెట్టి, పొరలవారీగా శాతాలు వేసి, ఒక ప్రాంతపు వృక్షసంపద కాలక్రమంలో ఎలా మారిందో బొమ్మగా చూపవచ్చునని 1916లో స్వీడన్ భూగర్భశాస్త్రజ్ఞుడు లెనార్ట్ ఫాన్ పోస్ట్ నార్వే రాజధానిలో జరిగిన సభలో ప్రతిపాదించాడు. యూరపు దేశాల యువకులు కందకాల్లో చస్తున్న ఏడాది అది. మన దేశంలో ఈ విద్యకు ఇల్లు కట్టింది బీర్బల్ సాహ్ని. 1946లో లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థను స్థాపించాడు. దాని భవనానికి 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, వారం తిరక్కుండానే సాహ్ని కన్నుమూశాడు.

ఇక నీలగిరుల సంగతి. ఆ సంస్థకే చెందిన విష్ణు మిత్రే, హెచ్. పి. గుప్తా 1971లో ప్రకటించిన ఫలితం మా పాఠానికి తలకిందులుగా ఉంది. గడ్డే ముందునుంచీ ఉందనీ, షోలా చెట్లు తరవాత వచ్చి చేరాయనీ వాళ్ల పుప్పొడి లెక్క చెప్పింది. 1988లో జి. వసంతి శాండినల్లా పీట్ మీద ఇదే పనిని మరింత వివరంగా చేసింది. 1993లో ఆర్. సుకుమార్, ఆర్. రమేశ్ మొదలైనవారు వేరే దారిన వచ్చారు. వేడి ప్రాంతాల గడ్డి గాలిలోని కర్బనాన్ని ఒక పద్ధతిలో తీసుకుంటుంది, చెట్లు ఇంకో పద్ధతిలో తీసుకుంటాయి. ఆ తేడా పీట్‌లోని రెండు రకాల కర్బనపు నిష్పత్తిలో నిలిచిపోతుంది. దాన్ని కొలిచి, గత ఇరవైవేల ఏళ్లలో అక్కడ గడ్డి, చెట్లు ఎలా హెచ్చుతగ్గులయ్యాయో వారు ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు వానలు తక్కువ, గడ్డి ఎక్కువ. సుమారు 11 వేల ఏళ్ల కిందట వానలు బలపడి చెట్లు పెరిగాయి. తరవాత కొన్నివేల ఏళ్లకు మళ్లీ ఎండుకాలం, మళ్లీ గడ్డి.

ఇరవైవేల ఏళ్ల కిందట నీలగిరుల మీదే కాదు, ప్రపంచంలో ఎక్కడా మనిషి గేదెను మచ్చిక చేసుకోలేదు. తోడాల మీద మోపిన నేరం జరిగిందన్న నాటికి నిందితుడూ లేడు, ఆయుధమూ లేదు. నేరమే లేదు.

ఈ వాక్యం రాస్తున్నప్పుడు నాకు కలిగే ఆనందం ఉంది చూశారూ, దాన్ని నేను అనుమానిస్తాను. మనకు నచ్చే తీర్పు వచ్చినప్పుడే సాక్షిని గట్టిగా ప్రశ్నించాలి. పుప్పొడి నోరు మెదిపే సాక్షే గాని, నిష్పాక్షిక సాక్షి కాదు.

గడ్డి పుప్పొడి గాలికి ఎగురుతుంది. కాబట్టి లెక్కలేనంత తయారవుతుంది, దూరం పోతుంది. షోలా చెట్లలో చాలావాటికి కీటకాలు పని చేసిపెడతాయి. అవి పొదుపుగా తయారుచేస్తాయి, రేణువులు పెద్దగా ఎగరవు. కాబట్టి చిత్తడినేలలో ఒక గడ్డి బంతికీ ఒక చెట్టు రేణువుకీ సమాన విలువ కట్టడం సరికాదు. గాలికి అరిచేవాడి గొంతు రికార్డులో ఎక్కువ వినిపిస్తుంది. పైగా ఆ చిత్తడిలోనే తుంగ, గడ్డి పెరుగుతాయి. అవి రాల్చిన పుప్పొడి కొండదా, కాళ్లకింది బురదదా? గడ్డిజాతుల రేణువులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి గనుక అదీ చెప్పడం కష్టమే. కర్బనపు కొలతకూ ఇదే చిక్కు. ఇంకొకటి: మంచుయుగంలో గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో 190 పాళ్లకు అటూ ఇటూగా ఉండేది. పారిశ్రామిక యుగానికి ముందు 280, ఇప్పుడు 420 దాటింది. ఆ వాయువు తక్కువగా ఉన్నప్పుడు వేడి ప్రాంతపు గడ్డికి చెట్లమీద పైచేయి వస్తుంది. కాబట్టి నాటి గడ్డికి వానలేమి ఒక్కటే కారణమనడానికి లేదు.

శాతాల తంటా గూడా ఉంది. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గినట్టు కనిపిస్తుంది, నిజంగా తగ్గకపోయినా సరే. ఈ లోపాన్ని సరిదిద్దడానికి లెక్క తెలిసిన పరాయి సిద్ధబీజాలను బిళ్లలుగా నమూనాలో కలిపే పద్ధతి 1970లనుంచి వాడుకలోకి వచ్చింది. అంతకుముందు గీసిన బొమ్మలను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇవన్నీ తీసివేసినా ఒక మాట మిగులుతుంది: గడ్డి అక్కడ కొత్తగా వచ్చింది కాదు. ఇంతవరకే సాక్ష్యం. తోడాల మంటలు ఇటీవలి కాలంలో అడవి అంచును వెనక్కు నెట్టలేదని పుప్పొడి చెప్పలేదు, నెట్టి ఉండవచ్చు. మంట వాళ్ల పశుపోషణలో భాగమే, దాన్ని దాచనక్కర్లేదు. గడ్డిని వాళ్లు సృష్టించారా, ఉన్న గడ్డిని వాడుకుని నిలబెట్టారా అన్నవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిదానికి కాదన్న జవాబు గట్టిగా వచ్చింది. అదే ఊపులో ఈ తీర్పును పట్టుకుపోయి తూర్పుకనుమల పోడుకు అంటగట్టమని ఒక మిత్రుడు నాకు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. రంప కొండల నేల వేరు, వాన వేరు, అక్కడి ప్రశ్న వేరు. నీలగిరి సాక్షిని మన్యం కోర్టులో నిలబెడితే, మన్యం తీర్పును నీలగిరికి తెచ్చిన నా పాత పనికీ దీనికీ తేడా ఏముంది? పోడు రైతు హక్కుకు పుప్పొడి చీటీ అక్కర్లేదు.

సాహ్ని అంతటివాడే సన్నని రేణువుల చేత మోసపోయాడు. పంజాబు ఉప్పుకొండల ఉప్పు వయస్సు మీద 1940లలో పెద్ద వివాదం నడిచింది. ఆ ఉప్పును కరిగిస్తే పూలమొక్కల సూక్ష్మమైన తునకలు కనిపించాయి గనుక అది సుమారు ఐదు కోట్ల ఏళ్లనాటిదేనని ఆయన వాదించాడు. చివరకు తేలిందేమంటే, ఉప్పు యాభై కోట్ల ఏళ్లు దాటినది. తునకలు తరవాత చేరినవి. రేణువు అబద్ధమాడలేదు. తాను ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదంతే.

రాజస్థాన్ ఉప్పుసరస్సుల కథ మన పత్రికల్లో తరచు చర్చకు వచ్చే విషయాన్ని తాకుతుంది కాబట్టి రెండు మాటలు. సాంభర్, దీద్వానా, లూణ్‌కరన్‌సర్ సరస్సుల అడుగు మట్టిలోని పుప్పొడిని చదివి గుర్‌దీప్ సింగ్ 1971లో సింధు నాగరికత ఎదుగుదలకు వానలూ, క్షీణతకు అనావృష్టీ తోడయ్యాయని ప్రతిపాదించాడు. దాన్ని పట్టుకుని, సమాజం లోపలి వైరుధ్యాలతో పనిలేకుండా, వాన వస్తే నాగరికత, రాకపోతే పతనం అని సూత్రం కట్టినవాళ్లున్నారు. 1999లో ‘సైన్స్’ పత్రికలో ఎన్‌జెల్ బృందం లూణ్‌కరన్‌సర్ కాలాన్ని మళ్లీ నిర్ణయిస్తే, నగరాలు లేవడానికి సుమారు వెయ్యేళ్ల ముందే ఆ సరస్సు ఎండిపోయిందని తేలింది. అంటే ఆ నగరాలు ఎండిన కాలంలోనే వర్ధిల్లాయి. మావాళ్లు జయజయధ్వానాలు చేశారు. 2014లో హర్యానాలోని కోట్లా దాహర్ సరస్సు నత్తగుల్లలు సుమారు 4100 ఏళ్ల కిందట ఋతుపవనాలు ఉన్నట్టుండి నీరసించాయని చెప్పేసరికి మౌనం వహించారు. భౌతిక పరిస్థితులే పునాది అని చెప్పుకునే మనం వానను భౌతిక పరిస్థితుల్లోంచి మినహాయించడం వింతగా లేదా? కరువు వస్తుంది. కరువులో ఎవరి గాదె నిండుగా ఉంటుందన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు సరస్సులో దొరకదు.

నీలగిరులకే తిరిగి వస్తాను. ఎందుకంటే అక్కడి పొరపాటు పుస్తకంలోనే ఉండిపోలేదు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ 1819లో ఆ పైభూములకు చేరాడు. గడ్డినేల కంపెనీ కళ్లకు బీడుగా కనిపించింది. పన్ను రాని నేల, కలప ఇవ్వని నేల. 1840ల నాటికే ఆస్ట్రేలియా చెట్లు, వాటిల్, యూకలిప్టస్, అక్కడ నాటుతున్నారు. మొదట వంటచెరకుకు. స్వాతంత్ర్యం వచ్చాక, మనం ఆశలు పెట్టుకున్న పంచవర్ష ప్రణాళికల కాలంలో, తోలు పరిశ్రమకు చెక్కరసం కోసం, రేయాన్‌కు గుజ్జు కోసం ఇంకా పెద్దయెత్తున నాటారు. క్షీణించిన నేలను అడవిగా మారుస్తున్నామన్నారు. తెల్లవాడి మాట పోలేదు, సంతకం మాత్రం మారింది. ఇలాంటి గడ్డినేలలే ఉన్న పళని కొండల్లో నాలుగు దశాబ్దాల కాలంలో మూడింట రెండువంతుల గడ్డి తోటలకింద, సాగుకింద మాయమైందని 2018లో ఒక పరిశోధన లెక్కవేసింది. ఇప్పుడు తమిళనాడులో వాటిల్‌ను పీకించే పనులు ప్రభుత్వమే చేయిస్తోంది. పీకినచోట మళ్లీ వేల విత్తనాలు మొలుస్తున్నాయి.

మన తెలుగులో యూకలిప్టస్ నూనెను నీలగిరి తైలం అంటాం. చెట్టునే నీలగిరి చెట్టు అనేవాళ్లూ ఉన్నారు. జలుబు చేసినప్పుడల్లా మా అమ్మ రుమాలు మీద రెండు చుక్కలు వేసేది. ఆ వాసనే నీలగిరుల వాసన అనుకుంటూ పెరిగాను. తీరా వెళ్లి చూస్తే, ఆ కొండలకు పరాయిదైన చెట్టుకు ఆ కొండల పేరు పెట్టుకున్నాం, ఆ కొండల సొంత గడ్డికి మన భాషలో పేరే లేదు.

ఇంకో వెయ్యేళ్లకు ఎవరైనా ఆ చిత్తడిలో గొట్టం దింపితే, పైపొరల్లో మన కాలాన్ని గుర్తుపడతారు. వాటిల్ పుప్పొడి ఒంటరిగా ఉండదు, పదహారు గదులు అతుక్కున్న ఉండలా ఉంటుంది, పొరపడే వీలు లేదు. యూకలిప్టస్‌ది త్రికోణం. నేరేడు కుటుంబంలోదే కాబట్టి షోలాలోని నేరేడు జాతి రేణువులతో దాన్ని కలగలిపే ప్రమాదం మాత్రం ఉంది. అడవి పెరిగిందని పాపం వాళ్లు అనుకోవచ్చు.

శిక్షణనుంచి వచ్చాక నేను పాఠం మార్చాను. రెండు పక్షాలూ చెప్పి, పుప్పొడి సాక్ష్యం చెప్పి, ఆ సాక్ష్యంలోని లొసుగులు గూడా చెబుతాను. విద్యార్థులు ఓపికగా విని, చివర ఒకటే అడుగుతారు: “మాస్టారూ, పరీక్షలో ఏం రాయమంటారు?” ఈ ప్రశ్నకు నేను ఇన్నేళ్లుగా తిన్నని జవాబు ఇవ్వలేకపోయాను.

నిరుడు మూల్యాంకన శిబిరంలో ఆ ప్రశ్న వచ్చింది. ఒక జవాబుపత్రంలో, దస్తూరి బాగాలేదు గాని, గడ్డి పాతదనీ, పీట్‌లో దానికి ఆధారం ఉందనీ, ఆ ఆధారాన్ని గూడా జాగ్రత్తగా చూడాలనీ రాసి ఉంది. నేను తొమ్మిది వేశాను. మాకిచ్చిన ‘కీ’లో అంచెలవారీగా ఉన్నది పాత జవాబే: మేత, మంట, క్షీణత. పై పరీక్షాధికారి పిలిచారు. మంచివారే. నేను చెప్పినదంతా విన్నారు, 1971 నాటి వ్యాసం పేరు గూడా రాసుకున్నారు. “మీరన్నది నిజమే కావచ్చునండీ. కాని వేలకొద్దీ పేపర్లు, అందరికీ ఒకటే కొలత ఉండాలి కదా” అన్నారు. తొమ్మిదిని కొట్టివేసి నాలుగు చేశారు. దిద్దుబాటు పక్కన నా సంతకం గూడా ఉండాలన్నారు. పెట్టాను.